అద్దెకిచ్చిన మనిషి

వెనక చక్రానికి ఆఖరి నట్టు ఊడనని మొండికేసింది. ఆయన పానా పిడికి పొడుగాటి ఇనపగొట్టం తొడిగాడు. బస్సు ఒంటిని ఒక చేత్తో పట్టుకుని, గొట్టం చివర కుడికాలు మోపి, తన బరువంతా దాని మీద వేశాడు. కిర్రుమని మూలిగి నట్టు దారికొచ్చింది.

"అదేదో ముందే రావచ్చుగా," అన్నాడు దానితో.

చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్యకి తీసుకుని, నిద్రపోతున్న పిల్లాణ్ణి దించినట్టు నేల మీదకి దించి, గోడ దాకా దొర్లించుకుంటూ తీసుకెళ్ళాడు.

సిటీ బస్సుల గ్యారేజీలో టైర్ల పని ఆయనది. పొట్టి మనిషి, భుజాలు మాత్రం ఇద్దరికి సరిపోతాయి. బస్సుల కింద దూరీ దూరీ మెడ ముందుకి వంగిపోయింది. నడినెత్తి మీద జుట్టు పల్చబడి, చెవుల దగ్గర తెల్లగా, గుబురుగా మిగిలింది. ఇక ఆ చేతులు. అరచేతి గీతల్లో, గోళ్ళ చుట్టూ, వేళ్ళ కణుపుల మీద నలుపు ఇంకిపోయి ఉంటుంది. మురికి అనడానికి లేదు. రబ్బరూ గ్రీజూ ఏళ్ళ తరబడి పూసుకుని పూసుకుని చర్మంలో కలిసిపోయాయి.

ఉద్యోగంలో ఆయనకిది చివరి రోజు. ఆ సంగతి టైర్లకి తెలియదు కదా, అవి ఎప్పటిలాగే అరిగి వచ్చాయి.

"ఏం టైరు ఫాదరూ, ఇవాళ కూడా ఒళ్ళు దాచుకోవా?" పక్క బస్సు కిందనుంచి బ్రేకుల మేస్త్రి గొంతు వినిపించింది. ముందు గొంతు, ఆ తర్వాత తల, ఆ తర్వాత మిగిలిన మనిషి బయటికి వచ్చాడు.

గ్యారేజీలో ఆయనకి ఆ పేరు స్థిరపడిపోయింది. నేను ఫాదర్ని కాదు, డీకన్ని అని మొదట్లో విడమరిచి చెప్పేవాడు. ఫాదర్లకి పెళ్ళుండదు, నాకుంది. జ్ఞానస్నానాలిస్తాను, పెళ్ళిళ్ళు జరిపిస్తాను, సువార్త చదివి ప్రసంగం చెబుతాను. పూజ చేసేది మాత్రం ఫాదరే. నేను పక్కన నిలబడి సాయం చేసి, అంతా అయ్యాక, "పూజ ముగిసింది, శాంతితో వెళ్ళండి" అని జనాన్ని పంపిస్తాను. ఇదంతా ఓపిగ్గా విని బ్రేకుల మేస్త్రి తేల్చేశాడు: "అంటే కండక్టరువన్నమాట. బండి తోలవు. కానీ నువ్వు రైట్ రైట్ అంటేగానీ బండి కదలదు." ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. తర్వాతి ఆదివారం ప్రసంగంలో వాడుకున్నాడు కూడా.

"ఇంతకీ మీ అమ్మాయి వాళ్ళ ఊరి బిషప్పు ఏమన్నాడన్నా? తీసుకుంటానన్నాడా?" బ్రేకుల మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఇవాళ తెలుస్తుంది. సాయంత్రం పూజకి ముందు మా ఫాదర్‌గారు చెబుతానన్నారు."

"డిపో మారినంత మాత్రాన కండక్టరు కండక్టరు కాకుండా పోతాడా?"

"డీకన్ పట్టం ఎక్కడికీ పోదు, నేను పోయేదాకా ఉంటుంది. కానీ నేను మాటిచ్చింది ఈ బిషప్‌గారి కిందుండే ఈ మేత్రాసనంలో, ఈయనకి. నా రెండు చేతులూ ఆయన చేతుల్లో పెట్టి ఇచ్చాను. ఇంకో మేత్రాసనానికి వెళితే అక్కడి బిషప్‌గారు ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోకపోతే అందరితో పాటు బెంచీ మీద కూర్చోవడమే."

"డ్యూటీ వెయ్యరన్నమాట."

"ఆఁ. డ్యూటీ వెయ్యరు."

బ్రేకుల మేస్త్రి ఆయన చేతిలోని పానా లాక్కున్నాడు. "ఇటివ్వు. ఆ చివరి చక్రం నేను బిగిస్తాను. సరిగ్గా బిగించకపోతే నీ పేరే చెబుతాలే, నువ్వు ఎలాగూ ఊళ్ళో ఉండవు."

ఆయన నవ్వాడు గానీ పక్కకి జరగలేదు. మేస్త్రి బిగించిన ప్రతి నట్టునూ మళ్ళీ ఒకసారి చేత్తో తడిమి చూశాడు.

*

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో రెండు సంచీలున్నాయి. గ్యారేజీ వెనక వరసగా కట్టిన ఇళ్ళలో వాళ్ళది చివరిది. ఉద్యోగం అయిపోయాక ఇల్లు ఖాళీ చెయ్యాలి. మంచం, బీరువా, గిన్నెలు కొనుక్కున్నవాళ్ళు పట్టుకుపోగా గోడల మీద వాటి ఆకారాలు మిగిలాయి. బీరువా ఉన్నచోట సున్నం కొత్తగా తెల్లగా ఉంది.

ఆయన సంచీల వంక చూశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఎక్కడికి వెళ్ళినా ఇద్దరి బట్టలూ కలిపే సర్దేది భార్య. ఇవాళ ఆయనవి ఒక సంచీలో, తనవి ఒక సంచీలో సర్దింది. రెంటినీ పక్కపక్కనే పెట్టింది గానీ కలపలేదు.

ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. అవతల కూతురు. గొంతు గదంతా వినిపిస్తోంది.

"అమ్మా, వాడు పడుకున్నాడు. చాలాసేపటి నుంచి పడుకునే ఉన్నాడు."

"పడుకుంటే మంచిదేగా. నువ్వూ ఓ కునుకు తియ్యి."

"ఊపిరి తీసుకుంటున్నాడో లేదో తెలియట్లేదమ్మా. ముక్కు కింద వేలు పెట్టి చూశాను. లేచి ఏడ్చాడు."

"మరింకేం. తీసుకుంటున్నట్టేగా."

కూతురు నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది. పిల్లాడు నెలలు నిండకుండా పుట్టాడు. అరచేతిలో పట్టేంత ఉండేవాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడని డాక్టరు చెప్పినా ఆ పిల్లకి నమ్మకం కుదరలేదు. అల్లుడు ఓడలో వంటవాడు, ఓడెక్కాడంటే నెలల తరబడి నేల మీద కాలు పెట్టడు. ఉన్న ఆ ఒక్క గదిలో ఆ తల్లీ ఆ బిడ్డా. కళ్ళు మూతలు పడితే చాలు, తను నిద్రపోయినప్పుడే వాడికేదో అయిపోతుందని ఉలిక్కిపడి లేస్తుంది. స్నానానికి వెళితే తలుపు వెయ్యదు. నీళ్ళ చప్పుడులో వాడి ఏడుపు వినిపించినట్టయి సబ్బు నురగతోనే పరిగెత్తుకొస్తుంది. ఏడుస్తూ ఉంటే ఏడుస్తున్నాడని భయం, ఊరుకుంటే ఎందుకు ఊరుకున్నాడని భయం.

ఆవిడ ఫోను ఆయనకందించింది.

"నాన్నా, నువ్వూ వస్తున్నావుగా?"

"అమ్మ వస్తోందిగా తల్లీ."

"నువ్వు?"

"సాయంత్రానికి చెబుతాలే."

అవతల ఎక్కడో దూరంగా పిల్లాడు తుమ్మాడు. "తుమ్మాడు నాన్నా, చూశావా, తుమ్మాడు!" అంటూ కంగారుగా ఫోను పెట్టేసింది.

ఆవిడ అంతకుముందే మడిచిన తువ్వాలుని విప్పి మళ్ళీ మడిచింది. అంతే, ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేదని ఆయనకనిపించింది. పోట్లాడినా బాగుండేది.

గుడి వెనక ఒక గది ఉంది. నిరుడు ఎండాకాలం దాకా తోటమాలి ఉండేవాడు. మీరు ఒక్కరే ఉంటానంటే ఆ గది మీదే, ఎన్నాళ్ళైనా డీకన్‌గానే ఉండొచ్చు అన్నారు ఫాదర్‌గారు. ఆ మాట ఆయన ఇంట్లో చెప్పాడు. ఆవిడ విని, "మంచి గదేనా? వానకి కురవదుగా?" అని మాత్రం అడిగింది.

పెళ్ళైనవాణ్ణి డీకన్ చెయ్యాలంటే భార్య ఒప్పుకోవాలి. సాయంత్రం చదువులు, పరీక్షలు అన్నీ అయ్యాక, పట్టమివ్వడానికి ముందు బిషప్‌గారు ఆవిడొక్కదాన్నే గదిలోకి పిలిచి అడిగారు. ఆయన బయట వరండాలో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఆవిడ బయటికొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఇచ్చేశాను మిమ్మల్ని," అంది. ఆ తర్వాత మెట్లు దిగుతూ, "అద్దెకిచ్చాను. అమ్మలేదు," అంది. వీధి మలుపు దాకా వచ్చాక మళ్ళీ గుర్తొచ్చి, "అన్నట్టు నేను ముందు పోతే మీరు మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదట. ఆ ముక్క విన్నాకే గట్టిగా ఊఁ అన్నాను," అని కిసుక్కున నవ్వింది.

అప్పటి నుంచి ఏ పండగనాడూ ఆయన ఇంట్లో లేడు. జ్వరం వస్తే ఆవిడ మాత్ర తనే వేసుకుని పడుకుంది. ఆయన ఎవరి చావుకో ప్రార్థన చెప్పి వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. "అద్దె మనిషి వచ్చాడు" అంటూ వేడి చేసి పెట్టేది.

ఇప్పుడు ఆవిడ తువ్వాలు సంచీలో పెట్టి జిప్పు లాగింది.

"అప్పుడు బిషప్‌గారు నన్ను అడిగారు," అంది, ఆయన వైపు చూడకుండా. "నా జన్మలో నన్ను కూర్చోబెట్టి, నీకిష్టమేనా అని అడిగిన మనిషి ఆయనొక్కడే. మా నాన్న అడగలేదు, మీరూ అడగలేదు. అందుకే సంతోషంగా ఇచ్చాను. ఇప్పుడు మిమ్మల్ని ఎవరూ అడగరు. మీ అంతట మీరే తేల్చుకోవాలి." సంచీ ఎత్తి బరువు చూసి, "పొద్దుగూకేటప్పుడు బస్సు. నేను పూజకొస్తాను. అటునుంచి అటే," అంది.

"అక్కడ వాళ్ళు ఒప్పుకోవచ్చు," అన్నాడాయన.

"ఒప్పుకుంటే ఇంకేముంది," అందావిడ.

*

పూజ సామాన్లుండే పక్కగదిలో, కిటికీ కింద ఒక తొట్టి, కొళాయి ఉన్నాయి. ఆయన చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి కొళాయి తిప్పాడు. సబ్బు రాసుకున్నాడు. కిటికీ గట్టు మీద బోర్లపడకుండా, కుచ్చు పైకి ఉండేలా పెట్టిన చెక్క బ్రష్షు అందుకుని గోళ్ళ దగ్గర మొదలుపెట్టాడు.

ఆ బ్రష్షుకీ ఓ కథ ఉంది. డీకన్ అయిన కొత్తలో, మొట్టమొదటి జ్ఞానస్నానానికి ఒక చిన్న వయసు తల్లి తన పాపాయిని ఎత్తుకొచ్చింది. తెల్లటి గౌను, తెల్లటి టోపీ. ఆయన చేతులు చాపాడు. ఆ పిల్ల పాపాయిని ఇవ్వబోయి, ఆ నల్లటి గోళ్ళు చూసి, తనకి తెలియకుండానే ఒక్క అర అడుగు వెనక్కి జరిగింది. ఏమీ అనలేదు. వెంటనే సర్దుకుని ఇచ్చేసింది కూడా. కానీ ఆయన చూశాడు. మర్నాడు బట్టలుతికే గట్టి బ్రష్షొకటి కొనుక్కొచ్చి ఈ గట్టు మీద పెట్టాడు. నలుపు ఎంత తోమినా పోదని ఆయనకీ తెలుసు. అయినా ప్రతి పూజకీ ముందు చర్మం ఎర్రబడేదాకా తోమేవాడు. ఆ తర్వాత ఎవరి బిడ్డనెత్తుకున్నా ముందు తన చేతులు ఆ తల్లికి చూపించేవాడు. "తోమానమ్మా. ఇది ఒంటి రంగే," అనేవాడు. తల్లులు నవ్వి ఇచ్చేసేవాళ్ళు.

ఫాదర్‌గారు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశారు. కుర్రవాడు, ఈ డీకన్ కూతురికంటే రెండు మూడేళ్ళు పెద్ద ఉంటాడేమో. చెడ్డవార్త చెప్పాల్సొస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకునే అలవాటు. ఇప్పుడూ తీశారు.

అద్దాలు తీసినప్పుడే ఆయనకి అర్థమైంది. అయినా తోముతూనే ఉన్నాడు.

"మాట్లాడాను డీకన్‌గారూ. మన బిషప్‌గారు కూడా మాట్లాడారు. వాళ్ళ మేత్రాసనంలో మీలాంటి డీకన్లు ఇంతవరకూ లేరట. పెళ్ళైన మనిషి బలిపీఠం దగ్గర నిలబడితే జనం ఏమనుకుంటారో అని అక్కడి బిషప్‌గారు ఆలోచిస్తున్నారు. మీ మీద ఏ ఆక్షేపణా లేదు. వచ్చి ఉండండి, పూజకి రండి, ఎప్పుడైనా డీకన్లని పెట్టడం మొదలుపెడితే చూద్దాం అన్నారు."

"ఎప్పుడైనా," అన్నాడాయన.

"మీ పేరు మన దగ్గరే ఉంటుంది. ఇక్కడి డీకనే మీరు. కానీ అక్కడ..."

"డ్యూటీ వెయ్యరు."

ఫాదర్‌గారికి ఆ మాట అర్థం కాలేదు. జేబులోంచి తాళంచెవి తీసి కిటికీ గట్టు మీద పెట్టారు. "గది శుభ్రం చేయించాను. మీరు ఎలా అంటే అలాగే. మీరుంటే నాకు బలం. అది నా స్వార్థం అనుకోండి."

"స్వార్థమైనా ఒకరికి పనికొస్తున్నానన్నమాటే కదా ఫాదర్," అని ఆయన కొళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకుని, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. అలా వేసుకోవడం తప్పో ఒప్పో ఆలోచించలేదు. ముందున్నది పూజ.

తెల్లటి పొడవాటి అంగీ తొడుక్కున్నాడు. స్టోలు ఎడమ భుజం మీంచి ఛాతీకి అడ్డంగా తెచ్చి కుడి నడుము దగ్గర ముడేశాడు. ఆకుపచ్చ పట్టీ, దాని చివరల్లో రెండు చిన్న శిలువలు. ఆవిడే కుట్టింది. ఒక శిలువ కొంచెం వంకర. విప్పి కుడతానంటే ఆయనే వద్దన్నాడు. ఎన్నో ప్రసంగాల్లో మాట తడబడినప్పుడు ఆ వంకర శిలువని వేళ్ళతో తడుముకుంటే మాట దొరికేది.

*

పూజ ఎప్పటిలాగే సాగింది. సువార్త చదివేటప్పుడు గొంతు బాగానే ఉంది. గిన్నెని ఎప్పటి ఎత్తుకే ఎత్తి పట్టుకున్నాడు. వీడ్కోలు మాటలేమీ వద్దని ముందే చెప్పి ఉంచాడు. వెళ్తున్నాడో ఉంటున్నాడో తనకే తెలియనప్పుడు జనానికి ఏమని చెబుతాడు? మూడో వరసలో చివరన ఆవిడ, పాదాల దగ్గర రెండు సంచీలు. మొదటి బెంచీలో ఎప్పటిలా గుండీల పెద్దమ్మ. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి గుండీలు కుట్టీ కుట్టీ చూపు మందగించిన ముసలావిడ. ఒంటి మీద కోటుకి మాత్రం ఒక గుండీ ఎప్పుడూ ఉండదు.

ఫాదర్‌గారు ఆశీర్వాదం ఇచ్చారు. అందరూ నిలబడి ఉన్నారు. ఇక మిగిలింది ఆయన మాట.

ఆయన చేతులు జోడించి నోరు తెరిచాడు.

మాట రాలేదు.

ఎన్ని వేలసార్లు అన్న మాట. జ్వరంలోనూ అన్నాడు, గొంతు పట్టేసిన రోజున పిల్లికూతలా అన్నాడు. సొంత తల్లిని పూడ్చిన రోజు కూడా అన్నాడు. ఇప్పుడు ఆ నాలుగు ముక్కలు గొంతులో ఎక్కడో అడ్డం తిరిగి నిలబడ్డాయి. అనేస్తే అయిపోతుంది. అనకపోతే ఇంకా అవలేదు. వేళ్ళు వంకర శిలువని వెతుక్కున్నాయి. దొరికింది, కానీ మాట మాత్రం దొరకలేదు. జనం ఎదురుచూస్తున్నారు. ఎవరో దగ్గారు. ఫాదర్‌గారు తలతిప్పి చూశారు.

అప్పుడు మూడో వరసలోంచి ఆవిడ గొంతు ఖంగుమని వినిపించింది:

"దేవునికి వందనాలు!"

అది ఆయన మాటకి జనం చెప్పాల్సిన జవాబు. మాట రాకుండానే జవాబు వచ్చేసింది. అలవాటు కొద్దీ గుడంతా, "దేవునికి వందనాలు," అనేసింది. పాటవాళ్ళు అందుకున్నారు. బెంచీలు కదిలాయి. తలుపులు తెరుచుకున్నాయి. సాయంత్రపు ఎండ నడవ మధ్య దాకా వచ్చి పడింది.

పక్కగదిలో ఆయన స్టోలు విప్పి, మడిచి, సొరుగులో పెట్టాడు. చెవులు వేడెక్కి ఉన్నాయి. ఫాదర్‌గారు భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు. కొవ్వొత్తులు ఆర్పడానికి ఆయన మళ్ళీ గుళ్ళోకి వెళ్ళాడు.

గుడి ఖాళీ. మొదటి బెంచీలో గుండీల పెద్దమ్మ మాత్రం కదలకుండా కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, పూజ అయిపోయింది."

"ఎవరు చెప్పారు?"

"అందరూ వెళ్ళిపోయారుగా."

"జనానికేం, తలుపు తెరిస్తే చాలు. నువ్వు చెప్పలేదు. మీ ఆవిడ తొందరపడి వందనాలు అనేసింది. ఫ్యాక్టరీలో గంట కొట్టందే నేను బల్ల దగ్గర్నుంచి లేచిందాన్ని కాదబ్బాయ్. ఇప్పుడూ లేవను."

"ఫాదర్‌గారిని పిలవనా? ఆయన చెబుతారు."

"ఆయన పని ఆయన చేశాడు. ఇది నీ ముక్క."

ఆయన వత్తులార్పే కర్ర బెంచీకి ఆనించి ఆవిడ పక్కన కూర్చున్నాడు. మొదటి బెంచీలో కూర్చోవడం ఆయనకి కొత్త. ఇక్కడినుంచి పీఠం ఎంతో ఎత్తుగా కనిపించింది.

"గొంతు పెగల్లేదు పెద్దమ్మా. అదే ఆఖరిసారేమోనని."

"ఎందుకు ఆఖరు?"

చెప్పాడు. కూతురు, ఆ ఒక్క గది, ముక్కు కింద వేలు. ఆ ఊళ్ళో డీకన్లు లేకపోవడం. గుడి వెనక గది. జేబులో తాళంచెవి. పెద్దమ్మ కోటుకి గుండీ లేనిచోట వేలు పెట్టి తిప్పుతూ విన్నది.

"నా మొగుడు పక్షవాతంతో మంచాన పడినప్పుడు గుర్తుందా నీకు?"

"ఉంది. ఇంటికొచ్చి సత్ప్రసాదం ఇచ్చేవాణ్ణి."

"అప్పుడు ఈ బెంచీ మీద కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు. ఇక్కడ ఎవరూ మూలగరు, ఏ వాసనా లేదు. ఇంకొక్క గంట కూర్చుంటే నీ సొమ్మేం పోయింది? నువ్వు లేచి, శాంతితో వెళ్ళండి అనేవాడివి. నిన్ను తిట్టుకుంటూ వెళ్ళేదాన్ని. బాగా తిట్టేదాన్నిలే. వెళ్ళి ఆయన ఒళ్ళు తుడిచేదాన్ని, పక్క మార్చేదాన్ని." ఆవిడ ఆయన వైపు తిరిగింది. మసకబారిన కళ్ళు ఆయన మొహం ఎక్కడుందో అంచనా కట్టి అక్కడ నిలిచాయి. "ఇన్నేళ్ళూ మమ్మల్నందరినీ వెళ్ళండి వెళ్ళండి అని ఇళ్ళకి తోలావు. ఒక్కనాడు కూర్చోనిచ్చావా? నీ వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదా?"

ఆయనకి ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేలకముందే నవ్వు వచ్చింది. ఆ నవ్వులో కళ్ళు తడిశాయి. జేబు మీద చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది. ఇంతసేపూ అది ఎంత బరువుందో ఆయన గమనించలేదు.

లేచాడు. ఒంటి మీద తెల్ల అంగీ లేదు, స్టోలు లేదు. మోచేతుల దాకా మడిచిన చొక్కా. చేతులు జోడించాడు. ఖాళీ బెంచీల వైపు, తెరిచిన తలుపు వైపు తిరిగి, వెనక వరస దాకా వినిపించేంత గట్టిగా అన్నాడు:

"పూజ ముగిసింది. శాంతితో వెళ్ళండి."

"దేవునికి వందనాలు," అంది గుండీల పెద్దమ్మ. "ఆఁ, ఇప్పుడు సరే. చెయ్యిచ్చి లేపు."

లేపాడు. ఆవిడ ఆయన చేతిని వదలకుండా గుమ్మం దాకా నడిచింది. నడవ మధ్యలో ఆగి, "అక్కడ బెంచీ మీదే కూర్చోబెడతారన్నమాట," అంది.

"అవును."

"అయితే మొదటి బెంచీ చూసుకో. ముందు ఎవరి తలా అడ్డం రాదు."

గుడి బయట ఫాదర్‌గారు ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆయన దగ్గరికెళ్ళి తాళంచెవి అరచేతిలో పెట్టాడు. ఫాదర్‌గారు దాన్నీ, ఆయన్నీ చూసి మళ్ళీ కళ్ళద్దాలు తీశారు.

"ఎవరికైనా ఇవ్వండి ఫాదర్. మంచి గది, వానకి కురవదు," అన్నాడాయన. "ఇంకొక మాట. రేపటి నుంచి ఆఖరి ముక్క మీరే కదా చెప్పేది. కొంచెం గట్టిగా చెప్పండి. లేకపోతే పెద్దమ్మ లేవదు."

*

బస్సు బయల్దేరబోతోంది. ఆవిడ కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉంది. ఆయన ఎక్కబోతూ, అలవాటు చొప్పున వెనక చక్రం దగ్గర వంగి టైరు మీద అరచేయి వేసి నొక్కి చూశాడు. గాలి సరిపడా ఉంది. అరిగింది గానీ ఇంకా నడుస్తుంది.

పక్కన కూర్చున్నాక ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. అరచేయంతా నలుపు.

"మళ్ళీనా! ఈ చేతుల్తోనా వాణ్ణెత్తుకునేది? మీ కూతురు గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తుంది."

"బ్రష్షు," అన్నాడాయన ఉలిక్కిపడి. "అక్కడే మర్చిపోయాను."

"పోనివ్వండి. నీళ్ళు అక్కడా ఉంటాయి."

"స్టోలు కూడా సొరుగులోనే..."

"నా సంచీలో ఉంది."

ఆయన తిరిగి చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఎప్పుడు తీశావు?"

"మెట్ల మీద కూర్చున్నాను. లోపల్నుంచి మీ గొంతు వినిపించింది, శాంతితో వెళ్ళండి అని. మీరు పెద్దమ్మని నడిపించుకొస్తుంటే పక్క గుమ్మంలోంచి వెళ్ళి తీశాను. నేను కుట్టిందేగా. అద్దెకిచ్చింది మిమ్మల్ని. దాన్ని కాదు," అంది.

కాళ్ళ దగ్గర రెండు సంచీలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి.

వెనక తలుపు దగ్గర కండక్టరు బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. "రైట్... రైట్!"

"దేవునికి వందనాలు," అన్నాడాయన పెదవుల్లోనే. బస్సు కదిలింది.

గుళ్ళో వత్తులు ఎవరో ఆర్పేశారు. పక్కగది కిటికీ గట్టు మీద చెక్క బ్రష్షు ఉంది, కుచ్చు పైకి. ఇన్నేళ్ళ బొటనవేలు ఒత్తిడికి పిడి మీద చిన్న గుంట పడింది. ఆ గుంటలో ఒక్క నీటిబొట్టు ఇంకా ఆరకుండా నిలిచి ఉంది.